మాస్టారి పక్క కుర్చీ: మన అన్నదాన సమితి కార్యవర్గానికి, సభ్యులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన కార్యదర్శి గారికి, కార్యవర్గ సభ్యులకు, సంస్థాపకుల కుటుంబంలోని పెద్దలకు, సమితి సభ్యులందరికీ నమస్కారాలు.

సమితి పేరు ఈ లేఖలో రాయడం లేదు. గుంటూరు పెద్దాసుపత్రికి దగ్గర్లోని మన సందులో ఉదయం పదకొండున్నరకు టోకెన్ల వరుస ఎక్కడ మొదలవుతుందో తెలిసినవారికి పేరు అక్కర్లేదు. తెలియనివారి ముందు ఒక మంచి కుటుంబాన్ని నిలదీయడం నా ఉద్దేశం కాదు. మంచాన పడిన మన అధ్యక్షులు మాస్టారి బాధ్యతలు ఎవరు చూడాలన్న విషయం మీద ఫాల్గుణంలో ఒకటి, వైశాఖంలో ఒకటి, రెండు ఉత్తరాలు కార్యవర్గానికి రాశాను. జవాబు రాలేదు. "ఇంటి విషయం, కాస్త ఓపిక పట్టండమ్మా" అని ఫోనులో ఒక మాట మాత్రం విన్నాను. ఓపిక పట్టాను. ఆషాఢం వచ్చింది. ఇది ఇంటి విషయం కాదని చెప్పవలసిన బాధ్యత, సంయుక్త కార్యదర్శిగా మినిట్స్ పుస్తకం రాసే నామీద ఉంది.

కార్తీక మాసంలో వనభోజనాలు జరిగిన మర్నాడు తెల్లవారుజామున మాస్టారికి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట పోయింది. మనుషులను గుర్తుపడతారు, నవ్వుతారు, అడిగినదానికి ఒకసారి అవునని తల ఊపుతారు, కాసేపటికి అదే ప్రశ్నకు కాదని అడ్డంగా తిప్పుతారు. వైద్యం బాగా జరుగుతోంది. ఎంతవరకు కోలుకుంటారో ఇప్పుడే చెప్పలేమని వైద్యులు అంటున్నారు. ఆయన లేచి నడవాలని, మళ్లీ లెక్కల పుస్తకం ముందు కూర్చోవాలని ఈ ఎనిమిది నెలల్లో నేను మొక్కని రోజు లేదు.

ఆయన చేతి సంతకం మీద సమితి ఎంతగా ఆధారపడి ఉందో ఈ ఎనిమిది నెలల్లోనే తెలిసింది. చెక్కు మీద అధ్యక్షులు, కార్యదర్శి ఇద్దరూ సంతకం చేయాలి. ఒకరి సంతకం లేకపోతే బ్యాంకులో ఎంత ఉన్నా కాగితం మీద అంకె మాత్రమే. ఆదాయపు పన్ను పోర్టల్‌లో సమితి తరఫున నమోదైన ఫోను మాస్టారిది. ఓటీపీ ఆ ఫోనుకే వస్తుంది. అందువల్ల గత ఆర్థిక సంవత్సరం విరాళాల వివరాలతో మే 31లోగా వేయవలసిన 10బీడీ ఫారం గడువు దాటింది. ఆలస్యానికి రోజుకు 200 రూపాయల రుసుము పడుతుంది. రుసుము సంగతి పక్కన పెట్టినా, ఆ ఫారం వేస్తే తప్ప దాతలకు పన్ను మినహాయింపు కోసం ఇచ్చే 80జి ధ్రువపత్రం చేతికి రాదు. ఏటా తండ్రి తద్దినం నాడు అన్నదానానికి డబ్బు కట్టే మిర్చి యార్డు హమాలీ ఒకరు ఉన్నారు. పన్ను మినహాయింపుతో ఆయనకు పని లేదు. అయినా "మీ కాగితం రాలేదేమండీ, నా డబ్బు చేరలేదా" అని వచ్చి అడిగారు. ఆయనకు ఏం చెప్పాలో నాకు తెలియలేదు.

ఉగాది నుంచి సాయంత్రం ఉప్మా, ఇడ్లీ ఆపేశాం. ఇది నోటీసు బోర్డు మీద ఒక్క వాక్యం. ఆ వాక్యం ఎవరికి తగిలిందో నేను చూశాను. వైశాఖంలో ఒక సాయంత్రం వంటశాల తలుపు వేస్తుంటే మాచర్ల వైపు నుంచి వచ్చిన ఒకామె స్టీలు క్యారియర్ పట్టుకుని నిలబడింది. భర్త ఆర్థో వార్డులో ఉన్నాడట. ఆస్పత్రి రోగికి అన్నం పెడుతుంది కానీ పక్కన కూర్చున్నవాళ్లకు పెట్టదు కదా. "మధ్యాహ్నం కొంచెం దాచిపెట్టుకోవచ్చా అమ్మా, రాత్రికి?" అని అడిగింది. మర్నాటి నుంచి ఆమె తన వంతు అన్నంలో సగం క్యారియర్ గిన్నెలోకి తీసి, దాని మీద విస్తరాకు ముక్క కప్పి, మూత బిగించడం చూశాను. ఎండాకాలం రాత్రి ఎనిమిదికి ఆ అన్నం ఎలా ఉంటుందో మీకు చెప్పనక్కర్లేదు. అదే వారంలో మన ఖాతాలో ఫిక్సెడ్ డిపాజిట్ వడ్డీ జమ అయింది. తీయడానికి సంతకం లేదు.

కార్యదర్శి గారూ, మీరు సొంత డబ్బు పెట్టి నెట్టుకొస్తున్నారని నాకు తెలుసు. బియ్యం కొట్టు యజమాని అరువుకు ఇస్తున్నది కూడా మీ ముఖం చూసే. అన్నగారి మంచం పక్కన రాత్రులు మేలుకుని, తెల్లవారి ఐదింటికి కూరగాయల మార్కెట్‌కు వెళుతున్నారు. ఈ లేఖలో ఏ ఒక్క మాటా మీ నిజాయితీని శంకించడానికి రాసింది కాదు. అయితే మీ జేబు వేరు, సమితి ఖాతా వేరు. రెండూ కలిసిపోతే రేపు ఆడిటర్ అడిగినప్పుడు ఏది విరాళమో, ఏది అప్పో, ఏది బాకీనో మీరే చెప్పలేని పరిస్థితి వస్తుంది. మీలాంటి మనిషికి ఆ మాట రాకూడదు.

ఇప్పుడు చెప్పబోయేది రాయడానికి చాలా సంకోచించాను. మాఘ మాసంలో ఒక ఆదివారం మినిట్స్ పుస్తకం తీసుకుని ఇంటికి రమ్మన్నారు. వెళ్లాను. బ్యాంకుకు ఇవ్వడానికి టైపు చేయించిన కాగితం సిద్ధంగా ఉంది. ఒకరు ఇంకు ప్యాడ్ మూత తీశారు. ఒకరు మాస్టారి ఎడమ చేయి పట్టుకుని బొటనవేలు ప్యాడ్ మీద అద్దారు. ఆయన చేయి వెనక్కి లాక్కున్నారు. నొప్పితో లాక్కున్నారో, ఇష్టం లేకనో నేను చెప్పలేను. రెండోసారి గట్టిగా పట్టుకుని కాగితం మీద వేయించారు. ముద్ర అలికినట్లు పడింది. తరువాత ఆయన భార్య, మన అమ్మగారు, తడిగుడ్డతో ఆయన వేలు తుడుస్తుంటే ఆయన నావైపు చూశారు. ముప్ఫై ఏళ్లు కాలేజీలో లెక్కలు చెప్పి, ఇక్కడికి వచ్చి రోజూ రాత్రి పైసాతో సహా లెక్క సరిచూసి, అప్పుడు గాని సంతకం పెట్టని మనిషి. ఆయన చదవని కాగితం మీద ఆయన వేలు పడింది. ఆ కాగితాన్ని బ్యాంకు తిప్పి పంపింది. సంస్థ ఖాతాకు సంతకందారులను మార్చాలంటే సంస్థ తీర్మానం తేవాలని చెప్పింది. ఆ రోజు అక్కడ నిలబడి "వద్దు" అనలేకపోయాను. ఆ బాధతోనే ఇది రాస్తున్నాను. ఇంకెప్పుడూ ఆయన చేత వేలిముద్ర వేయించవద్దని మీ అందరికీ చేతులు జోడించి చెబుతున్నాను.

ఆ తరువాత జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) మాట వచ్చింది. మాస్టారి పేరుతో అధికారపత్రం రాయించి అమెరికాలో ఉన్న అబ్బాయి అధ్యక్ష బాధ్యతలు చూస్తాడని అన్నారు. అధికారపత్రం రాసిచ్చేవారికి తాము ఏమి రాసిస్తున్నారో తెలిసి ఉండాలి. ముందే రాసి ఉంచిన పత్రమైనా, రాసిచ్చినవారు మరణించినా మతిస్థిమితం కోల్పోయినా చెల్లదని 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 201వ సెక్షన్ చెబుతోంది. మాస్టారి మనసు చెదిరిందని నేను అనడం లేదు. అనే హక్కు నాకు లేదు, అది వైద్యులు తేల్చవలసిన మాట. కానీ అసలు చిక్కు అంతకంటే ముందే ఉంది. ఇల్లు ఆయనది, పొలం ఆయనది, వాటి మీద ఆయన ఎవరికైనా అధికారం ఇవ్వగలరు. అధ్యక్ష పదవి ఆయన ఆస్తి కాదు. సభ్యులు మూడేళ్లకు ఇచ్చిన బాధ్యత. తనకు ఇతరులు అప్పగించిన నమ్మకాన్ని ఆయన ఆరోగ్యంగా ఉన్న రోజుల్లో కూడా జీపీఏ రాసి మరొకరికి బదిలీ చేయలేరు.

మన సమితి 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదైన సంస్థ. కనీసం ఏడుగురు లేనిదే ఆ చట్టం కింద సంఘమే ఏర్పడదు. ఒక్క మనిషి చేతిలోనో ఒక్క కొంపలోనో ఉండిపోకూడదనే కదా ఆ లెక్క. ఏటా సర్వసభ్య సమావేశం తరువాత కార్యవర్గం జాబితాను రిజిస్ట్రార్‌కు పంపాలి. ఈసారి సమావేశమే జరగలేదు, జాబితా వెళ్లలేదు. సభ్యుల మధ్య వివాదం వస్తే మధ్యవర్తిత్వానికో జిల్లా కోర్టుకో వెళ్లవచ్చని కూడా ఆ చట్టంలోనే ఉంది. అంతదాకా రాకూడదనే నా తపన. కోర్టు గుమ్మం ఎక్కిన సత్రాలు, సంఘాలు ఎన్నేళ్లు తాళాలు వేసుకుని కూర్చున్నాయో ఈ ఊళ్లో పెద్దవాళ్లు చూశారు.

మన బైలాను ఈ నెలలో ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. సంస్థ పెట్టిన పెద్దాయన రోజుల్లో చేతిరాతతో రాసి, తరువాత టైపు చేయించిన పదకొండు పేజీలు. అధ్యక్షులు అందుబాటులో లేనప్పుడు ఉపాధ్యక్షులు ఆ బాధ్యతలు నిర్వహిస్తారని ఒక నిబంధన. మరణం వల్ల గాని రాజీనామా వల్ల గాని ఖాళీ అయిన పదవిని మిగిలిన కాలానికి భర్తీ చేయాలని మరొకటి. మనిషి ప్రాణంతో ఉండి, మాట్లాడలేక, రాయలేక, రాజీనామా కూడా ఇవ్వలేని స్థితి వస్తే ఏం చేయాలో అందులో లేదు. పెద్దాయనకు ఆ ఊహ వచ్చి ఉండదు. మంచి రోజుల్లో ఎవరికీ రాదు.

అయితే దారి అక్కడే ఉంది, మనం చూడలేదు. మాస్టారి కుర్చీ ఖాళీ కాలేదు. ఖాళీగా ఉన్నది దాని పక్క కుర్చీ. ఉపాధ్యక్షులుగా ఉన్న, మాస్టారి పెదనాన్న గారి అబ్బాయి కాలం చేసి రెండేళ్లు దాటింది. "చూద్దాంలే, తొందరేముంది" అని ఆ పదవిని వదిలేశాం. మినిట్స్‌లో ఆ మాట నా చేతితోనే రాశాను: "ఉపాధ్యక్ష పదవి విషయం తదుపరి సమావేశానికి వాయిదా." అది ఐదుసార్లు ఉంది. ఆ ఖాళీని ఇప్పుడు నింపితే, బైలా ప్రకారం ఆ వ్యక్తి అధ్యక్షుల బాధ్యతలు చూడవచ్చు. మాస్టారిని ఎవరూ దించనక్కర్లేదు. ఆయన పేరు లెటర్‌హెడ్ మీద, గోడ మీద ఎక్కడున్నది అక్కడే ఉంటుంది.

"ఆయన ఉండగా ఆ స్థానంలో మరొకరా?" అని అమ్మగారు కళ్లనీళ్లు పెట్టుకున్నారు. ఆమె ఎదుట నేను వాదించలేదు, వాదించే మాట కూడా కాదు. కానీ ఒక్క సంగతి ఆమెకు ఎవరైనా నెమ్మదిగా చెప్పాలి. 1961లో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ తీవ్రంగా జబ్బుపడితే, ఉపరాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ ఆయన బాధ్యతలు నిర్వహించారు. రాజేంద్రప్రసాద్ కోలుకుని తిరిగి వచ్చి తన పదవిలో కూర్చున్నారు. 1982లో జైల్ సింగ్ గుండె చికిత్సకు అమెరికా వెళ్లినప్పుడు ఉపరాష్ట్రపతి హిదయతుల్లా అలాగే చూసి, ఆయన రాగానే తప్పుకున్నారు. ఎవరికీ అవమానం జరగలేదు. రాజ్యాంగం 65వ అధికరణంలో అనారోగ్యం అనే మాట స్పష్టంగా రాసి పెట్టారు, ఎందుకంటే రాష్ట్రపతి అయినా మనిషే.

1969లో జరిగింది మన సంగతికి ఇంకా దగ్గర. మే నెలలో జాకిర్ హుస్సేన్ పదవిలో ఉండగానే కన్నుమూశారు. ఉపరాష్ట్రపతి వి.వి. గిరి ఆ బాధ్యతలు తీసుకున్నారు. ఆ స్థానం కూడా ఖాళీ అయితే ఎవరు చూడాలో అప్పటిదాకా ఎక్కడా లేదు. పార్లమెంటు వెంటనే చట్టం చేసి, సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి చూడాలని నిర్ణయించింది. జూలైలో రాష్ట్రపతి ఎన్నికలో నిలబడటానికి గిరి రాజీనామా చేయనే చేశారు. ప్రధాన న్యాయమూర్తిగా ఉన్న హిదయతుల్లా ఆగస్టు దాకా బాధ్యతలు చూశారు. పక్క కుర్చీ కూడా ఖాళీ కావచ్చునని ముందే ఆలోచించారు కాబట్టి దేశం ఒక్కరోజు కూడా ఆగలేదు. రెండు వందల యాభై విస్తళ్లు వేసే మనం ఆ మాత్రం ఆలోచించలేమా?

ఇక కుటుంబం మనసులో ఉన్న భయం. ఎవరూ నోరు తెరిచి చెప్పకపోయినా నాకు తెలుసు, అది అర్థం లేని భయం కూడా కాదు. పెద్దాయన తన తండ్రి ఇచ్చిన స్థలాన్ని సమితి పేర రాశారు. ఇవాళ ఆ సందులో గజం ధర ఎంతో అందరికీ తెలుసు. బయటివాళ్లు వస్తే స్థలం ఏమవుతుందోనని మీ దిగులు. ఆ స్థలం ఇప్పుడు మీ కుటుంబానిదీ కాదు, రేపు రాబోయే ఉపాధ్యక్షులదీ కాదు. రిజిస్టరైన సంఘానికి చట్టం దృష్టిలో సొంత అస్తిత్వం ఉంది, ఆస్తి దానిది. సంఘం మూసేసినా మిగిలిన ఆస్తిని సభ్యులు పంచుకోవడానికి వీలులేదు. స్థలాన్ని కాపాడేది ఒకే కుటుంబం వాళ్లు కార్యవర్గంలో ఉండటం కాదు, పద్ధతి ప్రకారం సమావేశాలు జరగడం, లెక్కలు బయటపెట్టడం, జాబితాలు వేళకు దాఖలు కావడం. ఇవి ఆగిపోయిన సంఘాల మీదే కబ్జాదారుల కన్ను పడుతుంది.

అబ్బాయి గురించి కూడా. అతను చిన్నప్పుడు సెలవుల్లో ఇక్కడ మంచినీళ్లు పోసిన పిల్లవాడు. తండ్రి మీద, సమితి మీద అతని ప్రేమను నేను తక్కువ చేయను. కానీ వంటమనిషి రాలేదని ఉదయం ఆరింటికి ఫోను వస్తే, గ్యాస్ బండ అయిపోతే, టోకెన్ల దగ్గర తగాదా వస్తే, ఇక్కడ మనిషి కావాలి. ఇంకొకటి గమనించాలి. భారత పాస్‌పోర్టు ఉన్నంతవరకు అతను తన సంపాదన నుంచి పంపే డబ్బు వేరు, అక్కడి పౌరసత్వం తీసుకున్నాక పంపేది వేరు. రెండోది విదేశీ విరాళం కిందికి వస్తుంది. విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద రిజిస్ట్రేషన్ లేని మన ఖాతాలోకి అది రాకూడదు. ఈ సంగతి అతనితో ముందే మాట్లాడండి.

ఈ సంస్థ మీ ఇంట్లో పుట్టింది. అది ఎవరూ చెరపలేరు. ఇరవై రెండేళ్ల కిందట మా ఆయన పెద్దాసుపత్రిలో పంతొమ్మిది రోజులు ఉన్నప్పుడు నేనూ ఆ వరుసలో నిలబడ్డాను. తాలూకాఫీసులో పనిచేసే మనిషి భార్యను, బడిలో తెలుగు చెప్పే టీచర్ని, విస్తరి ముందు కూర్చోవడానికి సిగ్గుపడి గోడవైపు తిరిగాను. మాస్టారు స్వయంగా పప్పు వడ్డిస్తూ, "అమ్మా, ఇది దానం కాదు, ఊరి అన్నం" అన్నారు. మా ఆయన దక్కలేదు. పెద్దకర్మ అయ్యాక వచ్చి సభ్యత్వం కట్టాను. ఊరి అన్నం అని ఆయనే అన్నారు కాబట్టి, దాన్ని ఊరే చూసుకోవాలని అడగడానికి నాకు ధైర్యం వచ్చింది.

ఈ ఊరికి ఇది కొత్త కాదు. ఉన్నవ దంపతులు 1922లో ఇక్కడ ఆడపిల్లల చదువుకోసం శారదా నికేతనం పెట్టారు. లక్ష్మీనారాయణ గారు 1958లో వెళ్లిపోయారు, నికేతనం ఉంది. వేటపాలెంలో 1918లో మొదలైన సారస్వత నికేతనానికి 1929లో గాంధీ శంకుస్థాపన చేశారు. ఆ గ్రంథాలయం నూరేళ్లు దాటింది. పెట్టినవాళ్ల తరువాత మరెవరో తాళం తీశారు, మరెవరో లెక్క రాశారు.

నేను కోరేది ఇది. వెంటనే అసాధారణ సర్వసభ్య సమావేశం పిలవండి. ఉపాధ్యక్షులను కార్యవర్గం నాలుగు గోడల మధ్య కాకుండా సభ్యులందరూ రహస్య ఓటుతో ఎన్నుకోనివ్వండి. కుటుంబం నుంచి పోటీ చేసినా సంతోషమే, గెలిస్తే ఇంకా సంతోషం. కానీ గెలిచి రావాలి. అదే సమావేశంలో చెక్కుల మీద సంతకానికి ముగ్గురిని నియమించి, వారిలో ఏ ఇద్దరు పెట్టినా చెల్లేట్లు, ఆ ముగ్గురిలో ఒకరైనా కుటుంబానికి బయటివారు ఉండేట్లు తీర్మానం చేద్దాం. పోర్టల్‌లో ఫోను నంబరు మార్పిద్దాం. బైలాలో లేని నిబంధనను ప్రత్యేక తీర్మానంతో చేరుద్దాం: వరుసగా తొంభై రోజులు అనారోగ్యం వల్ల బాధ్యతలు చూడలేకపోతే, వైద్యుల పత్రం ఆధారంగా ఉపాధ్యక్షులు చూడాలి, కోలుకున్నాక మళ్లీ వైద్యుల పత్రంతోనే ఆయన తిరిగి రావాలి. తొమ్మిదిమంది కార్యవర్గంలో ఒకే కుటుంబం నుంచి ఎంతమంది ఉండవచ్చో కూడా అప్పుడే మాట్లాడుకుందాం. ఇప్పుడు ఏడుగురు ఉన్నారు. నా లెక్కలో నలుగురు చాలు. దీని మీద నాతో విభేదించేవారు ఉంటారు, లేచి చెప్పండి, వింటాను.

నేను ఏ పదవికీ పోటీ చేయడం లేదు. ఎన్నిక అయ్యేదాకా మినిట్స్ పుస్తకం, సీలు, టోకెన్ల పెట్టె తాళం నా దగ్గర ఉంటాయి. ఆ రోజు సభ ముందు అప్పగిస్తాను.

మూడోవంతు సభ్యులు రాతపూర్వకంగా కోరితే సమావేశం పిలవాలని బైలాలో ఉంది. మొత్తం ఎనభై ఏడుగురిలో ఇప్పటికి ముప్ఫై నాలుగు సంతకాలు వచ్చాయి. వచ్చే సోమవారం ఉదయం ఆ కాగితాలు కార్యదర్శి గారి చేతికి ఇస్తాను. శ్రావణం మొదటి ఆదివారం మధ్యాహ్నం వడ్డన ముగిశాక, మూడు గంటలకు, వంటశాల పక్క హాల్లో అయితే అందరికీ వీలుగా ఉంటుంది.

ఒక్క విన్నపం. మాస్టారిని ఆ సమావేశానికి తీసుకురండి. మాట నేర్పే థెరపిస్టు ఆయనకు బొమ్మల పలక ఒకటి ఇచ్చారు. కావలసిన బొమ్మ మీద ఎడమచేతి వేలు పెట్టి చూపించడం ఇప్పుడు కొంచెం వస్తోందని అమ్మగారు చెప్పారు. చక్రాల కుర్చీ ఎక్కడానికి వీలుగా గుమ్మం దగ్గర చెక్కపలక వేయించే పని నేను చూసుకుంటాను. ముందు వరుసలో ఆయన చోటు ఆయనకు ఉంటుంది. ఆ రోజు ఆయన వేలికి ఇంకు అంటనివ్వకండి.

ఇట్లు,
మీ సంయుక్త కార్యదర్శి,
గుంటూరు